కనిపెట్టుకుని ఉండటం

"నువ్వెళ్లి వరండాలో కాసేపు నడుం వాల్చు బాబూ. నేను కనిపెట్టుకుని ఉంటాగా."

ముప్పై ఏళ్ల కిందట ఒక పెద్దాసుపత్రి మానసిక వార్డులో రాత్రి డ్యూటీ సిస్టరుగారు నాతో అన్న మాట ఇది. మంచం మీద మా చిన్నాన్న. మూడు రాత్రులుగా ఆయనకి నిద్ర లేదు, నాకూ లేదు. పగలు పిన్ని, రాత్రి నేను. వార్డులో నలభై మంచాలు, ఆవిడ ఒక్కతే. అయినా ఆ మాట చెవిన పడగానే నాకు కళ్లు మూతలు పడ్డాయి. గుమ్మం దాటుతూ ఒక్కసారి వెనక్కి తిరిగి చూశాను. ఆవిడ స్టూలు లాక్కుని మంచం తలాపి వైపు, కొంచెం పక్కగా, ఆయన కళ్లు తెరిస్తే కనపడేటట్టు కూర్చుంది. ఒళ్లో దూది కట్ట. మర్నాటికి కావలసిన దూది ఉండలు చుట్టుకుంటోంది. చేతులు దూది మీద, కళ్లు ఆయన మీద.

"చూస్తుంటాలే" అని ఉంటే నేను వెళ్లేవాణ్ణి కాదేమో. "కాపలా ఉంటా" అని ఉంటే అసలే వెళ్లేవాణ్ణి కాదు. అప్పటినుంచీ ఈ మాట నా వెంట ఉంది. విప్పి చూసిన కొద్దీ అందులో ఇంకా ఏదో మిగిలే ఉంటోంది.

ఇది ఒక మాట కాదు, నాలుగు క్రియలు. కను, పెట్టు, కొను, ఉండు. నామవాచకం ఒక్కటీ లేదు. ఎవరిని, దేనిని అన్నది మాట బయటే ఉండిపోయింది. లోపల ఉన్నదంతా పనే.

కను అంటే చూడటం. విడిగా ఈ క్రియను ఆ అర్థంలో మనం దాదాపు వదిలేశాం. "నేను చెట్టును కన్నాను" అని ఇవాళ ఎవరూ అనరు. కానీ కనపడటం, కనిపించడం, కనుగొనడం అన్నిట్లో అదే ఉంది. కలలకి మాత్రం దాన్ని చెక్కుచెదరకుండా దాచుకున్నాం. కలలు కంటాం, చూడం. పిల్లల్నీ కంటాం. నిఘంటువులో ఇవి వేరువేరు అర్థాలే. తెలుగు చెవికి మాత్రం ఒకే మాట. ఎదుట లేనిదాన్ని చూడటానికీ, లేని ప్రాణాన్ని లోకంలోకి తేవడానికీ ఒకటే ధ్వని. మా చిన్నాన్నకి ఎవరికీ వినపడని గొంతులు వినపడేవి, కిటికీ అవతల ఎవరో నిలబడినట్టు కనపడేది. ఆయనకి కనపడుతున్నదాన్ని కూడా మన భాష "కనపడటం" అనే అంటుంది. అబద్ధమాడుతున్నాడని అనదు.

పెట్టు గురించి తెలుగు వ్యాకరణం ఎరిగినవాళ్లు బోలెడు చెప్పగలరు. నేను ఒక్క సంగతి దగ్గరే ఆగుతాను. క్రియ తర్వాత వచ్చే పెట్టు చాలాసార్లు, ఆ పని ఇంకొకరి కోసం అని చెబుతుంది. వండిపెట్టింది, రాసిపెట్టాడు, ఒక ఇల్లు చూసిపెట్టండి. వండటం తనకోసం కూడా కావచ్చు, వండిపెట్టడం తనకోసం కాదు. కనిపెట్టులోని పెట్టు కూడా ఆ తీరుదే అని నేను అనుకుంటాను. కన్ను తీసుకెళ్లి ఇంకొకరి మీద పెట్టడం. ఇక కొను అందుకు ఎదురుదిక్కు. చేసుకొను, తెచ్చుకొను, నెత్తిన వేసుకొను అన్నప్పుడల్లా పని చేసేవాడి వైపే తిరిగి వస్తుంది. పెట్టులో పని అవతలివాళ్లకి చేరుతుంది, కొనులో బాధ్యత తన మీదికి వస్తుంది. రెండూ ఒకే మాటలో పక్కపక్కన ఉన్నాయి. తెలంగాణలో ఇదే పనికి "అరుసుకొనుడు" అంటారు. అరయడం అంటే వెతికి చూడటం. అక్కడా చివర ఉన్నది కొనే.

కనిపెట్టుకి జనం నోట మూడు అర్థాలు నడుస్తున్నాయి. టెలిఫోను కనిపెట్టడం, దొంగను కనిపెట్టడం ఒక రకం: తెలియనిదాన్ని పట్టుకోవడం. పొయ్యి మీద పాలను కనిపెట్టి ఉండటం రెండోది. మూడోది క్రైస్తవుల తెలుగులో ఉంది. అక్కడ దేవుని కొరకు కనిపెట్టడం అంటే ఆయన కోసం ఎదురుచూడటం. చర్చిల్లో కనిపెట్టు ప్రార్థనలని పెడతారు. సిస్టరుగారు గుంటూరు వైపు మనిషి. అమెరికన్ లూథరన్ మిషన్ తరఫున అన్నా కుగ్లర్ అనే డాక్టరమ్మ 1883లో అక్కడికి వచ్చింది మొదలు, ఆ ప్రాంతపు క్రైస్తవ కుటుంబాల ఆడపిల్లలు ఎందరో నర్సింగు నేర్చుకున్నారు. మా సిస్టరుగారి తల్లి కూడా నర్సేనట. "కనిపెట్టుకుని ఉంటా" అని ఆవిడ అన్నప్పుడు ఆ మూడో అర్థం కూడా ఆవిడ నోట ఉందని నాకు తర్వాతెప్పుడో తట్టింది. ఎప్పుడొస్తుందో తెలియనిదాని కోసం, తొందరపెట్టకుండా, కదలకుండా కూర్చోవడం. నిద్ర కోసం. ఒక మామూలు మాట కోసం.

మొదటి అర్థం ఎలా పనిచేస్తుందో ఆ రాత్రే చూశాను.

చేరిన రెండో రోజునుంచి చిన్నాన్న కూర్చోవడం మానేశాడు. మంచానికీ కిటికీకీ మధ్య ఆరడుగుల చోటు. అటు ఇటు, అటు ఇటు. అన్నం పళ్లెం ముందు కూర్చోబెడితే రెండు ముద్దలకే లేచిపోతాడు. నిలబడి కూడా ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మారుతుంటాడు. జబ్బు ముదిరిందని పిన్ని ఏడ్చింది. నేనూ అదే అనుకున్నాను. వార్డుబాయ్ కూడా అదే అనుకుని, రెండో రాత్రి ఆయన మణికట్టుని కట్టుగుడ్డతో మంచం పట్టీకి బిగించాడు. నేను అడ్డుకోలేదు. కట్టేస్తే పడుకుంటాడన్నాడు, నమ్మాను. తెల్లారేసరికి మణికట్టు చుట్టూ ఎర్రటి చార. ఆ చార తలుచుకుంటే ఇప్పటికీ నాకు తలెత్తబుద్ధి కాదు.

మూడో రాత్రి వచ్చిన సిస్టరుగారు ముందుగా ఆయనతో పాటు నడిచింది. రెండు చాళ్లు. తర్వాత అడిగింది.

"నాన్నా, కూర్చోవాలని ఉందా నీకు?"

"ఉంది సిస్టర్. కూర్చోలేకపోతున్నా."

"గాబరా మనసులోనా, కాళ్లలోనా?"

ఆయన ఆగాడు. ఆ ప్రశ్న అంతవరకూ ఎవరూ అడగలేదు. "కాళ్లల్లో. లోపల ఏదో పాకుతున్నట్టు."

ఆవిడ కేసు షీటు తీసి ఇంజెక్షన్ ఏ రోజు, ఎన్ని గంటలకి పడిందో చూసింది. "ఇది జబ్బు తిరగడం కాదు బాబూ, మందు తిప్పడం" అంది నాతో. డ్యూటీ డాక్టరుకి ఫోను చేయించింది. మర్నాడు రౌండ్సులో హాలోపెరిడాల్ మోతాదు తగ్గించారు, ప్రొప్రనలాల్ మాత్ర కలిపారు. గుండెదడకీ చేతుల వణుకుకీ ఇచ్చే పాత మాత్రే. రెండు రోజుల్లో ఆయన పీట మీద కూర్చుని ఇడ్లీ తిన్నాడు.

ఈ బాధకి వైద్యుల మాట అకథీజియా. చెక్ దేశపు వైద్యుడు హాష్కోవెట్స్ 1901లో గ్రీకు ముక్కలు అతికి చేసిన పేరు. మొదటి "అ" మన అశాంతి, అస్వస్థతల్లో ఉన్న "అ"కి తోబుట్టువే. గ్రీకు, సంస్కృతం ఒక్క తల్లి బిడ్డలు కదా. మిగిలిన ముక్క కూర్చోవడానికి. మొత్తం కలిపి కూర్చోలేకపోవడం. పారిస్‌లో మనోవ్యాధికి క్లోర్‌ప్రోమజైన్ వాడటం మొదలుపెట్టింది 1952లో. అంటే ఈ మందులు పుట్టకముందే మాట పుట్టింది, మందులు వచ్చాక దానికి చేతినిండా పని దొరికింది. నాకు ఆశ్చర్యం కలిగించేది వేరే. చిన్నాన్నకి గ్రీకు రాదు. "కూర్చోలేకపోతున్నా" అని అచ్చ తెలుగులో రోగం పేరే చెప్పాడు. రెండు రోజులుగా చెబుతూనే ఉన్నాడు కూడా. మేము దాన్ని పిచ్చిమాటల్లో ఒకటిగా విన్నాం.

ఇక్కడే శుశ్రూష అనే మాట గుర్తొస్తుంది. నర్సుల పనికి మనం వాడే గౌరవమైన సంస్కృత పదం. సేవ అనే అర్థంలోనే అందరం వాడుతాం. దాని లోపల ఉన్నది శ్రు, అంటే వినడం. తెలుసుకోవాలన్న కోరిక జిజ్ఞాస, తాగాలన్న కోరిక పిపాస, వినాలన్న కోరిక శుశ్రూష. వ్యాకరణంలో వీటిని సన్నంతాలంటారు. గురువు మాట వినాలనుకోవడం, తర్వాత ఆయన చెప్పింది చేయడం, ఆపైన సేవ చేయడం, అలా అర్థం జరుగుతూ వచ్చి చివరికి రోగి మంచం దగ్గర ఆగింది. చికిత్స కూడా ఈ కుటుంబంలోదే. పాణినీయులు దానికి కిత్ అనే ధాతువు చెబుతారు. అది చిత్‌కే ఇంకో రూపమని ఆధునిక భాషాశాస్త్రజ్ఞులంటారు. చిత్తంలో, చైతన్యంలో ఉన్న చిత్. గమనించడం, ఎరుకపడటం. ఆ లెక్కన గమనించాలన్న కోరికే చికిత్స. వైద్యుడి మాట, నర్సు మాట రెండూ మొదట్లో కోరికలే అన్నమాట. చేత్తో చేసే పనులు తర్వాత వచ్చాయి.

మానసిక వార్డులో ఈ వినడం ఎంత కష్టమో బయటివాళ్లకి అంత తేలిగ్గా తెలియదు. గొంతులు వినపడుతున్నాయని మనిషి చెబితే మనకి రెండే దారులు తోస్తాయి. "అదేం లేదు, నీ భ్రమ" అనడం, లేదా ఊరుకోబెట్టడానికి "అవునవును" అనడం. మొదటిది ఆయన్ని ఒంటరివాణ్ణి చేస్తుంది. రెండోది అబద్ధం. ఆయన ఇంకా లోతుకి పోవడానికి మనమే మెట్టు వేసినట్టు. చదువుకున్న నర్సు మూడో దారిన పోతుంది. సిస్టరుగారు చిన్నాన్నతో ఇలా అంది: "నాకేం వినపడటం లేదు నాన్నా. నీకు వినపడుతోందని మాత్రం తెలుస్తోంది. ఏమంటున్నారు? భయమేస్తోందా?" తన చెవిని తాకట్టు పెట్టలేదు, ఆయన చెవిని కొట్టిపారేయలేదు. భయాన్ని పట్టుకుంది. భయం ఇద్దరికీ అర్థమయ్యేది గనక అక్కణ్నుంచి మాట సాగింది.

ఇది ఆవిడ మంచితనమే అనుకునేవాణ్ణి. మంచితనమే, కానీ అది నేర్చుకున్న విద్య కూడా. నర్సుకీ రోగికీ నడుమ ఏర్పడే సంబంధమే చికిత్సలో భాగమని హిల్డెగార్డ్ పెప్లా అనే అమెరికన్ నర్సు ఒక పుస్తకమే రాసింది. 1948 నాటికి రాయడం అయిపోయింది. పక్కన డాక్టరు పేరు లేకుండా ఒక నర్సు రాసిన సిద్ధాంత గ్రంథాన్ని వేయడానికి అప్పట్లో వెనకాడారు. చివరికి 1952లో వచ్చింది. క్లోర్‌ప్రోమజైన్ వచ్చిన ఏడే. మాత్రకి దక్కిన పేరు ఆ పుస్తకానికి దక్కలేదు. ఇవాళ మన నర్సింగు కాలేజీల్లో మానసిక నర్సింగు పాఠం పెప్లా పేరు లేకుండా సాగదు.

కాపలా సంగతి చెప్పాలి. కాచు నుంచి వచ్చిన మాట. కాపరి, కావలి, కాపు అందరూ ఆ ఇంటివాళ్లే. చేను కాయడం, పసిబిడ్డను కంటికి రెప్పలా కాయడం, ఎంత చక్కని మాటలు. తప్పు కాచులో లేదు. కాపలా అనేసరికి మనిషి వస్తువయ్యాడు, అక్కడుంది చిక్కు. కాపలా గోదాముకి ఉంటుంది, జైలుకి ఉంటుంది. లోపలున్నది బయటికి పోకుండా చూడటమే దాని పని. వస్తువు తిరిగి మనల్ని చూడదు. కనిపెట్టుకుని ఉన్నప్పుడు అవతలి మనిషి కూడా మనల్ని చూస్తుంటాడు. సిస్టరుగారు తను ఆయనకి కనపడేటట్టు ఎందుకు కూర్చుందో ఆలోచించండి. వెనకనుంచి చూసేది నిఘా.

2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో, దర్గా దగ్గర రోగుల్ని ఉంచే ఒక పాకకు నిప్పంటుకుంది. గొలుసులతో కట్టేసి ఉన్నవాళ్లు పరిగెత్తలేకపోయారు. 28 మంది పోయారు. అక్కడ కాపలాకి లోటు లేదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 95వ సెక్షనులో ఏ రూపంలోనూ గొలుసు వేయకూడదని రాశారు. మనిషిని కదలకుండా పట్టి ఉంచడం తనకో పక్కవాళ్లకో తక్షణం జరగబోయే హానిని ఆపడానికి వేరే దారి లేనప్పుడే చేయాలనీ, దాన్ని సైకియాట్రిస్టు అనుమతించాలనీ, కారణం రాసిపెట్టాలనీ 97వ సెక్షను చెబుతుంది. శిక్షగా గానీ, సిబ్బంది చాలరన్న సాకుతో గానీ కట్టకూడదు. ఆ వాక్యం చదివినప్పుడు నాకు కనపడింది నలభై మంచాల వార్డు, ఒక్క వార్డుబాయ్, మణికట్టు మీద చార. వార్డుబాయ్ క్రూరుడు కాడు. అలిసిపోయినవాడు. అలిసిపోయిన చేతికి కట్టుగుడ్డ దొరికింది.

మానసిక ఆసుపత్రులున్న ఊళ్ల పేర్లకి కూడా ఈ కాపలా మసి అంటుకుంది. "ఎర్రగడ్డకి పంపించాలి వీణ్ణి" అని హైదరాబాదులో ఎవరైనా అంటే అది తిట్టు. విశాఖవైపు వాల్తేరు పేరు అలాగే నడిచింది. రాంచీ, ఆగ్రా, చెన్నైలో కీళ్పాక్కం, అన్నిచోట్లా ఇదే కథ. ఎర్రగడ్డలో రైతుబజారుంది, మెట్రో స్టేషనుంది, వేలమంది కాపురాలున్నాయి. అక్కడి ఆసుపత్రిలో నయమై ఇంటికెళ్లినవాళ్లు లెక్కలేనంత మంది. వాళ్లెవరూ ఆ పేరు పైకి చెప్పుకోలేరు. క్షమించండి, ఇది పదచర్చలోంచి పక్కకి పోవడమే. కానీ పదం మనిషి నోరు నొక్కేస్తుంటే చెప్పకుండా ఎలా?

ఇంటివాళ్లని రోగి పక్కన ఉండనివ్వడం మన దేశంలో ఎలా మొదలైందన్నది కూడా ఈ మాటకి సంబంధించిందే. 1950లలో అమృత్‌సర్ మానసిక ఆసుపత్రిలో డాక్టర్ విద్యాసాగర్ రోగుల బంధువుల్ని ఆవరణలో డేరాలు వేసి ఉండనిచ్చారు. ఆ తర్వాత వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాల వాళ్లూ కుటుంబాలతో సహా చేర్చుకునే పద్ధతి పెట్టారు. నర్సులు చాలక అలా చేశారని కొందరంటారు. ఉండవచ్చు. కానీ దాని వల్ల ఇంకోటి జరిగింది. నాలాంటివాళ్లు సిస్టర్ల దగ్గర కనిపెట్టడం నేర్చుకున్నాం. మాత్ర మింగాడా లేదా అని చూడాలంటే "నోరు తెరు" అని గద్దించక్కర్లేదు. మనమూ ఒక గ్లాసు మంచినీళ్లు పట్టుకుని పక్కన కూర్చుని తాగుతూ నాలుగు మాటలు ఆడితే చాలు. నాలిక కింద మాత్ర పెట్టుకుని మాట్లాడటం కష్టం. కుంగుబాటులో మూలన పడి ఉన్న మనిషి కాస్త తేరుకుని లేచి తిరుగుతుంటే మనం హమ్మయ్య అనుకుంటాం. ఒళ్లు ముందు తేరుకుంటుంది, నిరాశ తర్వాత పోతుంది. ఆ నడుమ రోజుల్లోనే ఇంకా దగ్గరగా ఉండాలని సిస్టరుగారే చెప్పింది.

నాలుగో క్రియ మిగిలింది. ఉండు. చరకుడు వైద్యానికి నాలుగు కాళ్లు చెప్పాడు. వైద్యుడు, మందు, రోగి, ఉపస్థాత. ఉపస్థాత అంటే దగ్గర నిలిచేవాడు. ఉప అంటే చేరువ, స్థా అంటే నిలవడం. ఇవాళ్టి మాటల్లో నర్సు. అతనికి ఉండాల్సిన గుణాల్లో పని తెలియడం, నేర్పు, శుచి ఉన్నాయి. అనురాగం కూడా ఉంది. పనిమంతుడి గుణాల జాబితాలో అనురాగాన్ని రాసినవాళ్లు ఆ పనిని దగ్గరగా చూసినవాళ్లే అయి ఉంటారు. తెలుగులో ఉండు ఇంకా మామూలు మాట. ఏమీ చేయకపోయినా ఉండవచ్చు. వేరే క్రియ పక్కన చేరితే ఆ పనిని ఆపకుండా సాగదీస్తుంది. కనిపెట్టుకుంది అంటే అయిపోయింది. కనిపెట్టుకుని ఉంది అంటే ఇంకా కాలేదు.

చిన్నాన్న ఐదు వారాలకి ఇంటికొచ్చాడు. "కుదుటపడ్డాడు" అన్నారు ఊళ్లో. ఆ మాట గురించి ఒక్క నిమిషం. నోరు నోట అయినట్టు, ఏరు ఏట అయినట్టు, కుదురు కుదుట అయింది. కుదురంటే కుండ కింద పెట్టే చుట్ట. గడ్డితోనో పాతగుడ్డతోనో గుండ్రంగా చుట్టి నేల మీద పెడితే, అడుగు గుండ్రంగా ఉన్న కుండ దొర్లకుండా నిలుస్తుంది. కుదుటపడటం అంటే కుండ మారిపోవడం కాదు, దానికో చుట్ట దొరకడం. చిన్నాన్నకి ఆ చుట్ట చాలా ముక్కలతో చేసింది. నెలకో ఇంజెక్షను, పిన్ని, మా ఊరి కిరాణా కొట్టులో పొద్దున పూట లెక్కలు రాసే పని, నాలుగు గంటల టీ. మధ్యలో రెండుసార్లు దొర్లింది. మళ్లీ చుట్ట సర్దారు.

డిశ్చార్జి రోజున కాగితాల కోసం డ్యూటీ గదిలో నిలబడ్డప్పుడు, బల్ల మీద ఆ మూడో రాత్రి షీటు కనపడింది. పదిహేను నిమిషాలకో గీత. ఇంగ్లీషులో, నీలం సిరాతో, గుండ్రటి అక్షరాలు. 1.15, నడుస్తున్నాడు. 1.30, నడుస్తున్నాడు. 1.45, మాట్లాడాడు, కాళ్లలో బాధ అంటున్నాడు. 2.00, డాక్టరుకి తెలిపారు. 2.15, మంచం మీద కూర్చున్నాడు. 2.30, నీళ్లు తాగాడు. 2.45, పడుకున్నాడు, కళ్లు తెరిచే ఉన్నాడు. అక్కణ్నుంచి 4.30 దాకా అదే మాట, గీత గీతకీ మళ్లీ రాసి ఉంది. కళ్లు తెరిచే ఉన్నాడు, కళ్లు తెరిచే ఉన్నాడు. 4.45, నిద్ర. 5.00, నిద్ర. 5.15, నిద్ర.